ఆటలో చష్మాకు ఆవిరి పట్టకుండా: ఇచ్చిన చష్మా ముఖం మీద నిలవాలంటే



మీరిచ్చే విరాళాలతో పిల్లలకు కంటి పరీక్షలు చేయించడం, అవసరమైనవారికి చష్మాలు ఇప్పించడం మన సంఘం చేస్తున్న పనుల్లో ఒకటి. చష్మా చేతికి అందిన రోజే పిల్లవాడు వెనక బెంచీ నుంచి బోర్డు మీది అక్షరాలు చదువుతాడు. చదువు వరకు మన సాయం ఫలించినట్టే. కానీ సాయంత్రం మైదానానికి వెళ్లగానే అదే పిల్లవాడు చష్మా తీసి బ్యాగులో పెట్టేస్తాడు. ఎందుకని అడిగితే మాకు వినిపించే జవాబులు రెండు. ఒకటి, "పగిలితే ఇంట్లో కోప్పడతారు." రెండోది, "పరుగెత్తితే ఆవిరి పట్టి ఏమీ కనిపించదు." మొదటిదానికి పరిష్కారం గట్టి ఫ్రేమ్, పగలని అద్దం. రెండోదాని గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న విషయం కాబట్టి ఈ సంచికలో దాన్ని వివరంగా చెప్పాలనుకున్నాం.

ఇది చిన్న సంగతి ఎందుకు కాదు

మన ఇందూరు పిల్లలు మైదానాలకు రావడానికి ఇప్పుడు గట్టి కారణాలున్నాయి. కలెక్టరేట్ మైదానంలో సంసాముద్దీన్ గారి దగ్గర బాక్సింగ్ మొదలుపెట్టిన నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో న్యూఢిల్లీలో ప్రపంచ చాంపియన్ అయింది. మన హుసాముద్దీన్ 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్య పతకాలు తెచ్చాడు. ఫుట్‌బాల్‌లో గుగులోత్ సౌమ్య, హాకీలో యెండల సౌందర్య దేశం తరఫున ఆడారు. వీళ్లను చూసి నిజామాబాద్, బోధన్, ఆర్మూర్ బడుల్లో ఆడపిల్లలు, మగపిల్లలు ఆటలకు ముందుకు వస్తున్నారు.

బాక్సింగ్ రింగులో చష్మాకు చోటు లేదు. ఫుట్‌బాల్, హాకీ, క్రికెట్, షటిల్, పరుగు పందెం, సైకిల్ తొక్కడం మాత్రం చష్మాతో చేయవచ్చు. ఫుట్‌బాల్ నియమావళిలోని నాలుగో నియమం, ప్రమాదం కలిగించని క్రీడా కళ్లద్దాలకు స్పష్టంగా అనుమతి ఇస్తుంది. కాబట్టి ఆటలో కూడా చష్మా ఉంచుకోమని పిల్లలకు ధైర్యంగా చెప్పవచ్చు.

తీసేస్తే ఏమవుతుందో చూడండి. మైనస్ 2 పవర్ ఉన్న కంటికి చష్మా లేకుండా అర మీటరు వరకే స్పష్టంగా కనిపిస్తుంది, ఆ పైన అంతా మసకే. క్రికెట్ పిచ్ పొడవు 22 గజాలు, అంటే 20 మీటర్లు. ఆ పిల్లవాడికి బంతి దగ్గరికి వచ్చాకగానీ సరిగా కనిపించదు. క్యాచ్ వదిలేస్తాడు, గోల్ ఆపలేడు, బంతి ముఖానికి తగిలించుకుంటాడు. తోటివాళ్లు నవ్వుతారు. కొన్నాళ్లకు "నాకు ఆట రాదు" అని తనే తేల్చుకుని ఇంట్లో కూర్చుంటాడు. రానిది ఆట కాదు, కనిపించనిది బంతి. ఈ తేడా తెలియక ఎందరు పిల్లలు మైదానానికి దూరమవుతున్నారో ఆలోచించాలి.

ఆవిరి ఎలా పడుతుంది

గాలి వేడిగా ఉంటే ఎక్కువ నీటి ఆవిరిని మోస్తుంది, చల్లబడితే తక్కువ. ఒక ఘనపు మీటరు గాలి 30 డిగ్రీల దగ్గర సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. 20 డిగ్రీల దగ్గర 17 గ్రాములు, 10 డిగ్రీల దగ్గర 9 గ్రాములు మాత్రమే. చల్లటి వస్తువుకు తగిలిన గాలి తాను మోయలేని ఆవిరిని ఆ వస్తువు మీదే నీటిగా వదిలేస్తుంది.

బోధన్ శక్కర్‌నగర్‌లో పనిచేసిన పెద్దలకు ఇది కొత్త కాదు. నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది గానీ, చెరకు రసం మరిగినప్పుడు లేచిన ఆవిరిని చల్లటి నీటితో మళ్లీ నీరుగా మార్చే కండెన్సర్లు వారికి బాగా గుర్తుంటాయి. ఇంట్లో పొయ్యి మీది చాయ్ గిన్నెలోకి వంగితే చష్మా తెల్లబడేది కూడా ఇందుకే.

ఆడేటప్పుడు మన ముఖమే ఆ చాయ్ గిన్నె. పరుగుతో ఒళ్లు వేడెక్కుతుంది, చెమట ఆవిరవుతుంది, నోటి నుంచి వెచ్చటి తడి శ్వాస పైకి వస్తుంది. ఇదంతా అద్దానికీ చెంపకూ మధ్య ఉన్న కొద్దిపాటి చోటులో పోగవుతుంది. అద్దం బయటి వైపు చల్లటి గాలి తగులుతుంటుంది. అందుకే ఆడేటప్పుడు ఆవిరి ఎక్కువగా లోపలి వైపే పడుతుంది. అద్దం మీద చేరిన నీరు లెక్కలేనన్ని చిన్న బొట్లుగా నిలుస్తుంది. ఒక్కో బొట్టు వెలుతురును ఒక్కో వైపు చెదరగొడుతుంది కాబట్టి మనకు తెల్లటి తెర కనిపిస్తుంది.

దీన్నిబట్టి మార్గాలు మూడు. లోపలి తడి గాలి బయటికి పోయేలా చూడటం, అద్దం చల్లబడకుండా చూడటం, పడిన నీరు బొట్లుగా కాక పలచటి పొరగా పరుచుకునేలా చేయడం. పొరగా పరుచుకున్న నీటిలోంచి చూపు దాదాపు ఎప్పటిలాగే సాగుతుంది. బజారులో అమ్మే స్ప్రేలైనా, ఇంటి చిట్కాలైనా చేసేది ఈ మూడో పనే.

మన దగ్గర ఏ కాలంలో ఎలా

చలికాలం ఉదయపు ప్రాక్టీసులో ఇబ్బంది ఎక్కువ. చెరకు తోటల మీద, కాలువ గట్ల మీద మంచు పరుచుకున్నప్పుడు అద్దం చల్లగా ఉంటుంది, ముఖం వెచ్చగా ఉంటుంది. పరుగెత్తేటప్పుడు గాలి తగిలి అద్దం కాస్త తేటపడుతుంది, ఆగగానే మళ్లీ కమ్ముకుంటుంది. సైకిల్ మీద వెళ్లేవారికి రైల్వే గేటు దగ్గర నిలబడగానే జరిగేది ఇదే.

వానాకాలంలో చలి లేకపోయినా గాలిలోనే తడి నిండి ఉంటుంది. తలుపులు మూసిన షటిల్ హాలులో నలుగురు ఆడుతుంటే తడి ఇంకా పెరుగుతుంది. కిటికీలు తెరిచి ఫ్యాను పెట్టడం ఏ స్ప్రే కన్నా మేలు చేస్తుంది.

మే నెల ఎండల్లో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఆరుబయట ఆవిరి సమస్య తక్కువ. అప్పుడు బాధ పెట్టేది నుదుటి నుంచి కారే చెమట. ఏసీ గదిలోంచి, కారులోంచి బయటికి వచ్చినప్పుడు మాత్రం చల్లబడిన అద్దానికి ఆవిరి పట్టవచ్చు. రెండు నిమిషాలు ఆగితే పోతుంది.

ముందు తేల్చుకోవాల్సింది: ఆవిరా, చెమటా, జిడ్డా?

పిల్లవాడు "కనిపించడం లేదు" అన్నప్పుడు అద్దాన్ని వెలుతురుకు పెట్టి చూడాలి. లోపలి వైపు సమానంగా తెల్లగా ఉంటే ఆవిరి. చారలుగా, ఎండాక ఉప్పు మరకలుగా ఉంటే చెమట. వేలిముద్రలు, రంగురంగుల మెరుపు కనిపిస్తే జిడ్డు. చెమటకు మందు నుదుటికి కట్టుకునే నూలు పట్టీ. జిడ్డుకు మందు శుభ్రంగా కడగడం. మన ఇళ్లలో కొబ్బరి నూనె, సుర్మా, ముఖానికి రాసుకునే క్రీములు అద్దానికి అంటుకోవడం మామూలే. జిడ్డు అంటిన అద్దం మీద నీరు బొట్లు కడుతుంది, తుడిచిన కొద్దీ మరకలు పరుచుకుంటాయి.

అద్దం తేటగా ఉన్నా చూపు మసకగా ఉందన్నా, దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తున్నాయన్నా అది ఆవిరి సమస్య కాదు. ఆలస్యం చేయకుండా కంటి డాక్టరుకు చూపించాలి.

సబ్బు నీటి పద్ధతి

కోవిడ్ కాలంలో మాస్కు వల్ల చష్మాలకు ఆవిరి పట్టి మనమందరం ఇబ్బంది పడ్డాం. ఆపరేషన్ థియేటర్లలో మాస్కు పెట్టుకునే సర్జన్లకు ఈ బాధ అంతకుముందే ఉంది. 2011లో ఇంగ్లండ్ రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ పత్రికలో ఇద్దరు వైద్యులు ఒక సులువైన ఉపాయం రాశారు: చష్మాను సబ్బు నీటితో కడిగి, విదిలించి, గాలికి ఆరనిచ్చి పెట్టుకోవడం. సబ్బు వదిలే కంటికి కనిపించని పొర నీటిని బొట్టు కట్టనివ్వదు. ఆటకు తగినట్టు ఇలా చేయవచ్చు:

1. ముందు మంచినీళ్ల ధార కింద దుమ్ము పోయేలా కడగాలి. దుమ్ముతో రుద్దితే ప్లాస్టిక్ అద్దం గీతలు పడుతుంది.
2. అర గ్లాసు నీటిలో ఒక చుక్క పసిపిల్లల షాంపూ గానీ, గిన్నెలు తోమే ద్రవం గానీ కలపాలి. కళ్లకు మంట తక్కువ కాబట్టి పసిపిల్లల షాంపూ మేలు.
3. ఆ నీటిని శుభ్రమైన వేలితో రెండు వైపులా రాయాలి. లోపలి వైపు ముఖ్యం.
4. బాగా విదిలించి నీడలో ఆరనివ్వాలి. గుడ్డతో గట్టిగా రుద్దితే వేసిన పొర పోతుంది. తొందరుంటే మెత్తటి నూలు గుడ్డతో అద్ది వదిలేయాలి.
5. ప్రతి ఆటకు ముందు మళ్లీ చేయాలి. చెమటతో ఈ పొర కొట్టుకుపోతుంది.

సబ్బు బిళ్ల కన్నా ద్రవమే ఎందుకంటే, మన బోరు నీళ్లలో ఉప్పదనం ఎక్కువున్న చోట సబ్బు బిళ్ల తెల్లటి తెట్టు కడుతుంది. అలాంటి ఇళ్లలో చివరగా తాగే ఫిల్టర్ నీళ్లు వాడితే మరకలు మిగలవు. చర్మాన్ని మెత్తబరిచే నూనెలు కలిపిన సబ్బులు కూడా పనికిరావు, అవి జిడ్డు వదులుతాయి.

ఎక్కువ సబ్బు రాస్తే ఎక్కువ మేలని అనుకోవద్దు. దీనికి అంతరిక్షం నుంచే రెండు ఉదాహరణలున్నాయి. 1966 జూన్‌లో జెమినీ 9 నౌక నుంచి బయటికి వచ్చిన అమెరికా వ్యోమగామి జీన్ సెర్నాన్ హెల్మెట్ అద్దానికి ఆవిరి కమ్మింది. కళ్లు కనిపించక, చేయాల్సిన ప్రయోగం మానుకుని లోపలికి వెళ్లాల్సి వచ్చింది. ఆ తర్వాతే హెల్మెట్ లోపల ఆవిరి పట్టని మిశ్రమం పూయడం మొదలైంది. అందులో ఒక ముఖ్య భాగం ద్రవ సబ్బే. 2001 ఏప్రిల్‌లో కెనడా వ్యోమగామి క్రిస్ హాడ్‌ఫీల్డ్ అంతరిక్షంలో పనిచేస్తుండగా అలా పూసిన మిశ్రమమే కంట్లో పడి మంట పుట్టింది, కొంతసేపు చూపు లేకుండా పోయింది. అంటే సబ్బు చూపును కాపాడుతుంది, మోతాదు మించితే చూపునే ఆపుతుంది. పిల్లలకు చెమటతో పాటు సబ్బు కంట్లోకి దిగకూడదు. అందుకే అర గ్లాసు నీటికి ఒక చుక్క చాలంటున్నాం.

ఆవిరి పట్టని పూత వేసి అమ్మే అద్దాలు ఉంటే ఈ పద్ధతికి ముందు దుకాణదారును అడగాలి. అలాంటి పూతలను స్పిరిట్‌తో తుడిచినా, గట్టిగా రుద్దినా పాడవుతాయి.

ఫ్రేమ్ ఎంపికలో చూడాల్సినవి

గాలి ఆడని ఫ్రేమ్‌కు ఎంత సబ్బు రాసినా లాభం కొంతే. ఆటల చష్మా కొనేటప్పుడు పిల్లవాణ్ణి దుకాణానికి వెంట తీసుకెళ్లాలి. కనురెప్పల వెంట్రుకలు అద్దానికి తగలకూడదు. ఫ్రేమ్ కింది అంచు చెంపల మీద ఆనకూడదు, పిల్లవాడు నవ్వినా పైకి లేవకూడదు. పైనా కిందా గాలి పోయే సందులుండాలి. తలకు పట్టీ ఉండాలి, లేకపోతే చెమటకు జారి ముక్కు మీదికి వస్తుంది. సందులు మరీ పెద్దవైతే దెబ్బ నుంచి రక్షణ తగ్గుతుంది. షటిల్ కాక్, హాకీ బంతి వంటివి లోపలికి దూరేంత ఖాళీ ఉండరాదు.

అద్దం పాలీకార్బొనేట్‌ది కావాలి. అది గాజులా ముక్కలై కంట్లో గుచ్చుకోదు. ఒక్క కన్నే చూపున్న పిల్లలకు ఇది తప్పనిసరి. ఆ ఒక్క కంటికి దెబ్బ తగిలితే తిరిగి తెచ్చి ఇవ్వగలిగేది ఏదీ లేదు. ప్రభుత్వం 2018లో, మళ్లీ 2023లో చేపట్టిన కంటి వెలుగు ద్వారా మన ఇళ్లలో చాలామందికి ఉచితంగా చష్మాలు అందాయి. అవి చదువుకు, ఇంటి పనికి ఎంతో ఉపయోగం. ఆట అవసరం వేరు, దానికి వేరే చష్మా ఉండాలి.

స్కార్ఫ్ కట్టుకుని ఆడే అమ్మాయిలకు

2014లో అంతర్జాతీయ ఫుట్‌బాల్ నియమాల్లో తల కప్పుకుని ఆడటానికి అనుమతి వచ్చింది. మన అమ్మాయిలు నిశ్చింతగా ఆడవచ్చు. అయితే బట్ట చెంపల వరకు బిగుతుగా వస్తే ఫ్రేమ్ పక్క సందులు మూసుకుపోయి ఆవిరి త్వరగా పడుతుంది. బట్ట అంచు ఫ్రేమ్ వెనక్కి ఉండేలా కట్టుకోవాలి. చెమట పీల్చి తొందరగా ఆరే పలచటి బట్ట వాడాలి. చష్మా పట్టీ స్కార్ఫ్ పైనుంచి వేసుకుంటే బిగుతు సరిచేసుకోవడం తేలిక. కాడలు సన్నగా ఉన్న ఫ్రేమ్ లోపలికి దూర్చుకోవడానికి అనువుగా ఉంటుంది. ఇంట్లో ఒకసారి పూర్తిగా కట్టుకుని పది నిమిషాలు గెంతి చూసుకుంటే మైదానంలో ఇబ్బంది రాదు.

మైదానంలో పాటించాల్సినవి

చలికాలం ఉదయం చష్మాను చొక్కా లోపలి జేబులో వెచ్చగా తెచ్చుకోవాలి. ఆటకు కొద్ది నిమిషాల ముందే పెట్టుకుంటే అద్దం ముఖం వేడికి సర్దుకుంటుంది. ఆట ఆగినప్పుడు గాలి వచ్చే వైపు ముఖం తిప్పాలి. చష్మాను నుదుటి మీదికి ఎక్కించరాదు, నుదుటి చెమటే మొదట దాన్ని కప్పేస్తుంది. తడిసిన జెర్సీతో తుడవరాదు. పొడి నూలు గుడ్డ ఒకటి ప్లాస్టిక్ సంచిలో ఉంచుకోవాలి. టూత్‌పేస్టుతో రుద్దే చిట్కా ఎవరు చెప్పినా వినవద్దు, అది అద్దాన్ని గీకేస్తుంది.

ఆట మధ్యలో ఆగి తుడుచుకోవడం సిగ్గుపడాల్సిన పని కాదని పిల్లలకు చెప్పాలి. 2019 ఆగస్టు 25న హెడింగ్లీ టెస్టులో ఇంగ్లండ్ చివరి బ్యాట్స్‌మన్ జాక్ లీచ్ బంతి బంతికీ చష్మా తుడుచుకుంటూ 17 బంతులు ఆడాడు. చేసింది ఒక్క పరుగే. అతను నిలబడ్డాడు కాబట్టి బెన్ స్టోక్స్‌తో కలిసి చివరి వికెట్‌కు 76 పరుగులు వచ్చి ఆస్ట్రేలియా మీద ఇంగ్లండ్ గెలిచింది. బాస్కెట్‌బాల్‌లో కరీం అబ్దుల్ జబ్బార్, ఫుట్‌బాల్‌లో నెదర్లాండ్స్ ఆటగాడు ఎడ్గార్ డేవిడ్స్ గాగుల్స్‌తోనే పేరు తెచ్చుకున్నారు. డేవిడ్స్‌కు నీటికాసుల జబ్బు వచ్చి 1999లో ఆపరేషన్ జరిగింది. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి పెద్ద పోటీల్లో ఆడాడు.

కాంటాక్ట్ లెన్సులకు ఆవిరి పట్టదు. కానీ దుమ్ము రేగే మైదానాల్లో, చేతులు కడుక్కునే వసతి సరిగా లేని చోట వాటిని పిల్లలు జాగ్రత్తగా వాడటం కష్టం. దెబ్బ నుంచి అవి రక్షణ కూడా ఇవ్వవు. ఆ నిర్ణయం కంటి డాక్టరుకే వదిలేయాలి.

దాతలకు మా మనవి

మీరిచ్చే సొమ్ము మా చేతిలో అమానత్. చష్మా బ్యాగులో పడి ఉంటే ఆ సొమ్ము సగమే పనిచేసినట్టు. అందుకని మీ ముందు నాలుగు మాటలు ఉంచుతున్నాం.

ఆడే పిల్లలకు చష్మా స్పాన్సర్ చేసేటప్పుడు, దానితో పాటు తల పట్టీ, నూలు గుడ్డ, చిన్న షాంపూ సీసా, తెలుగు ఉర్దూల్లో వాడే విధానం రాసిన కాగితం కూడా ఒకే సంచిలో ఇప్పించండి. చష్మాతో పోలిస్తే వీటి ఖర్చు చాలా తక్కువ.

ఒక్క కన్నే చూపున్నవారికి, ఎక్కువ పవర్ ఉన్నవారికి, గోల్‌కీపర్లకు ముందు వరుస ఇవ్వండి.

బడిలో పీఈటీ సార్లకు, మేడమ్‌లకు ఈ పద్ధతి ఒకసారి చేసి చూపించే ఏర్పాటుకు తోడ్పడండి. ఒక్క టీచరు నేర్చుకుంటే ఏటా వచ్చే పిల్లలందరికీ ఉపయోగం.

చివరిగా, మీరు సాయం చేసిన బడికి నెల తర్వాత ఒక సాయంత్రం వెళ్లండి. ఎన్ని చష్మాలు పంచామన్న లెక్క మా రిజిస్టరులో ఉంటుంది. ఎన్ని చష్మాలు ఆటలో ముఖాల మీద ఉన్నాయన్న లెక్క మైదానంలోనే తెలుస్తుంది. ఆ రెండో లెక్క పెరిగేలా చూడటమే మనందరి బాధ్యత. ఆ పనిలో మీ తోడు ఎప్పటిలాగే ఉంటుందని ఆశిస్తున్నాం, ఇన్ షా అల్లాహ్.